ఐదున్నర శ్రుతి వేణువు

ఆ ఆదివారం మధ్యాహ్నం కిరందుల్ రైల్వే కాలనీలో మా క్వార్టరు ముందుగదిలో ఉన్నవారు నలుగురు: నా భార్య, పై అంతస్తులో ఉండే లోకో పైలట్, ఆయన తల్లి, నేను. ఉన్న వస్తువులు: ప్లాస్టిక్ కుర్చీలు మూడు, చాప ఒకటి, బ్లూటూత్ స్పీకరు ఒకటి, నా ఫోను, టీ గ్లాసులు నాలుగు, వెదురు వేణువు ఒకటి. పాట ఒకటి. ఆ పాటలో పని ఉన్నవారు ఇద్దరు. టీ గ్లాసులు తీసే పని పెద్దావిడ చూసుకుంది కాబట్టి ఏ పనీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

పాట ఒక సినిమాలోది. జమీందారుల కాలం నాటి కథ. ఆస్థానంలో ఒక కవి, ఆయన పద్యాలకు రాగం కట్టి పాడే అమ్మాయి. వాళ్ళ ప్రేమ జమీందారుకు గిట్టదు. కవి ఇకమీదట ఒక్క మాట రాయకూడదు, పలకకూడదు అని ఆజ్ఞ వేస్తాడు. కవి వేణువు పట్టుకుంటాడు. సినిమాకు పేరు ఉంది గాని మా కాలనీలో ఎవరూ ఆ పేరు పలకలేదు, అందరూ ‘కవి సినిమా’ అనేవారు. మేమిద్దరం జగదల్‌పూర్ వెళ్ళి హిందీ డబ్బింగులో చూశాం. గోదావరి గట్టున పంచె కట్టుకుని కూర్చున్న కవి హిందీలో విరహం చెబుతుంటే నాకు వార్తలు విన్నట్టుగా ఉంది. నా భార్యకు అలా అనిపించలేదు. తిరుగు బస్సులో గీదం దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకే మాట అడిగింది: “తెలుగుల ఈ పాటలు ఎట్లుంటయ్?”

ఏడు పాటలు. తెలుగువి డౌన్‌లోడ్ చేసి ఇచ్చాను. రెండింటిలో వీణ ముందుంటుంది, ఒకటి పడవ వాళ్ళ పాట, ఒకటి పెళ్ళి పాట, రెండు కవి పాడేవి. మిగిలింది ఐదో పాట. అందులో మగ గొంతు లేదు. నదికి ఇవతలి గట్టున ఆమె పాడుతుంది. ప్రతి చరణం చివరి మాట పూర్తి చేయకుండా వదిలేస్తుంది. అవతలి గట్టు నుంచి వేణువు వచ్చి దాన్ని పూర్తి చేస్తుంది. కవికి నోరు లేదు కాబట్టి ఆ వేణువే అతని మాట.

నా భార్యది భోపాల్‌పట్నం. చిన్నప్పుడు మేనత్త దగ్గర ఐదేళ్ళు సంగీతం నేర్చుకుందని పెళ్ళిచూపుల్లో చెప్పారు. పెళ్ళయ్యాక ఆమె పాడగా నేను వినలేదు. అడిగితే, “ఎవరి ముందర పాడాలె? కుక్కరు ముందరనా?” అనేది. కిరందుల్‌లో ఆమెకు బంధువులు లేరు, స్నేహితులు లేరు. నేను సిగ్నల్ మెయింటెయినర్‌ని. కేబులు తెగినా రిలే కాలినా ఏ వేళైనా పోవాలి. ఇంట్లో ఆమె మాట కంటే ఎక్కువగా వినిపించేవి టీవీ, కుక్కరే.

కవి సినిమా చూశాక పాడటం మొదలుపెట్టింది. హిందీ మీడియంలో చదివింది కాబట్టి తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం కూడబలుక్కోవాలి. పాట వింటూ మాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుని కిటికీ ఊచకు క్లిప్పుతో తగిలించింది. ఉదయం ఎనిమిదికి, నేను టిఫిను తింటుండగా, ఐదో పాట ఎత్తుకునేది. నేను ఇడ్లీ నమలడం ఆపి వినేవాణ్ణి. నమిలితే చప్పుడవుతుందని. అలా పదిరోజులు గడిచాయేమో. నా జీవితంలో అంతకంటే మంచి పదిరోజులు ఉన్నాయా అని వెతికితే ఇప్పటికీ దొరకవు.

తర్వాత ఆ ఆదివారం పై అంతస్తు ఆయన వచ్చాడు. ఆయనది పలాస వైపు. ఇనుప ఖనిజం నింపిన గూడ్సుబండిని ఇక్కణ్ణుంచి కొండలు దింపుతూ కొత్తవలస దాకా తీసుకుపోతాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు, తల్లితో ఉంటాడు. మెట్లు దిగుతూ పాట విని ఆగి, మళ్ళీ పైకెక్కి, వేణువు పట్టుకుని, తల్లిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. తల్లిని తేవడం మర్యాద. గుమ్మంలోనే నా భార్యను “చెల్లెమ్మా” అన్నాడు, నన్ను “బావగారూ” అన్నాడు. మనిషి ఎంత నికార్సయినవాడంటే, అతన్ని అనుమానించే సౌకర్యం కూడా నాకు మిగల్చలేదు.

అనుమానం కాదు నాకు కలిగింది. దాని పేరు వేరు. ఆమె చరణం చివర మాట వదిలేసినప్పుడు ఆయన వేణువెత్తి పూర్తి చేసేవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కూడా కాదు. ఆమె కిటికీ వైపు, ఆయన నేల వైపు. అయినా ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆయనకు తెలిసేది. నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఏడాది ఉండి నాకు తెలియనిది ఆయనకు ఒక మధ్యాహ్నంలో తెలిసింది.

“ఏటి బావూ, గోడకి బల్లినాగ అలా అంటుకుపోనావు? కూకో,” అంది పెద్దావిడ.

“ఫర్వాలేదండి.”

“మావోడు ఊదితే మా ఊళ్ళో కుక్కలు కూడా మొరగడం ఆపీసేవి. నువ్వు మాత్రం మొరిగేలా చూస్తన్నావు.”

నా భార్య నవ్వింది. పైలట్ నవ్వలేదు. “అమ్మా, ఊరుకో,” అని నాకేసి చూసి, “బావగారూ, కాస్త ఆ ఫ్యాను ఆపుతారేటి? శబ్దం వేణువులోకి వచ్చీస్తంది,” అన్నాడు. ఫ్యాను ఆపాను. ఆ రోజు పాటకు నేను చేసిన సాయం అది.

ఉగాదికి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగువాళ్ళ కార్యక్రమం ఉంటుంది. ఆ పాట అక్కడ ఇద్దరూ వినిపించాలని తేలిపోయింది. నన్ను ఎవరూ అడగలేదనడం అన్యాయం. అడిగారు. సౌండు సిస్టమ్ నేను చూసుకుంటానా అని అడిగారు.

ఆయనకు డ్యూటీ పడినప్పుడు రెండు రోజులు ప్రాక్టీసు ఉండదు. ఖనిజం బండి లోడింగు పూర్తయిందా, ఇంజను తగిలించారా అన్నది స్టేషనులో కనుక్కోవడం నా పని కాదు. కాని కనుక్కునేవాణ్ణి. బండి స్టేషను చివరనున్న స్టార్టరు సిగ్నల్ దాటితే నాకు ఒళ్ళు తేలికయ్యేది. ఆయన తిరిగొచ్చినట్టు బూట్లు పైమెట్ల మీద కనిపిస్తే పప్పు సహించేది కాదు.

నా ఫోనులో శ్రుతి కొలిచే యాప్ ఉంది. కంప్రెసర్ మోటార్ల మోత కొలవడానికి వేసుకున్నది. ఒక ప్రాక్టీసులో ఊరికే తెరిచి చూశాను. ఆమె షడ్జం మూడు వందల నలభై తొమ్మిది హెర్ట్జ్ దగ్గర నిలబడింది. సంగీతం వాళ్ళ భాషలో నాలుగు శ్రుతి. సినిమాలో ఆ పాట ఐదున్నరలో ఉంది. ఉదయం నా ఇడ్లీ దగ్గర ఆమె పాడుకున్నదీ ఐదున్నరలోనే. ఆ తేడాకు కారణం ఆయన చేతిలో ఉంది. వెదురు వేణువు ఒక శ్రుతికే పుడుతుంది. దాన్ని పెంచలేరు, తగ్గించలేరు. ఆయన దగ్గరున్నది ఒక్కటే, అది నాలుగు. కాబట్టి ఆమె దిగింది. ఐదున్నర నుంచి నాలుగుకు మూడు అర మెట్లు.

నా కోసం పప్పులో ఒక్క పచ్చిమిరపకాయ తగ్గించని మనిషి ఆయన వేణువు కోసం మూడు మెట్లు దిగింది.

దిగినందువల్ల పాట చెడింది కూడా. కింది స్వరాల్లో ఆమె గొంతు గాలిగా మారిపోతోంది. నదిని పిలిచే చోట మాట వినబడటం లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఇది నేను చెప్పాలా వద్దా అని వారం రోజులు నలిగాను. ఏం చెప్పినా ఒకలాగే వినిపిస్తుందని తెలుసు. చివరికి ఆమె బియ్యం ఏరుతున్నప్పుడు చెప్పాను.

“శ్రుతి తగ్గింది.”

“ఏ శ్రుతి?”

“నీది. పాట ఐదున్నర. నువ్వు నాలుగులో పాడుతున్నావు. కింద మాటలు వినిపించడం లేదు.”

“అన్నయ్య వేణువు గట్లనే ఉన్నది. ఏం చేస్తం?”

“ఆయన వేరేది తెచ్చుకోవచ్చు.”

“ఉగాది మూడు వారాలే ఉన్నది, యాడికెళ్ళి తెస్తడు? మీరు తెచ్చియ్యిండ్రి.” చేట పక్కన పెట్టింది. “ఏంది, నాకు సమఝ్ కాదనుకుంటున్నరా? మీకు కుళ్ళు అయితున్నది.”

నేను కాదనలేదు. నాకు కుళ్ళుగా ఉన్న మాట నిజం. శ్రుతి తగ్గిన మాట కూడా నిజం. ఈ రెండూ ఒకే మనిషి నోట్లో ఉన్నప్పుడు రెండోది ఎవరూ నమ్మరు.

“చెప్పుండ్రి,” అంది. గొంతులో కోపం లేదు, అందుకే భయం వేసింది. “బంద్ చెయ్యమంటే చేస్త. ఇన్‌స్టిట్యూట్ వద్దు, అన్నయ్య వద్దు, ఏదీ వద్దు. మల్ల నన్ను పాడుమని మాత్రం అడగొద్దు.”

అంటే లెక్క ఇది. ఆయన ఉంటే పాట ఉంటుంది, అందులో నేను ఉండను. ఆయన లేకపోతే పాటే ఉండదు. మళ్ళీ కుక్కరు, టీవీ.

“బంద్ చెయ్యమని నేనెప్పుడన్నాను? వేణువు నేను చూస్తా,” అన్నాను.

ఆన్‌లైన్‌లో వెతికాను. ఐదున్నర అని రాసి అమ్మేవాటిలో చాలావరకు ఐదున్నర కావని కొన్నవాళ్ళే రాశారు. పైగా కిరందుల్‌కు పార్సెల్ ఎప్పుడు చేరుతుందో పంపినవాడికీ తెలియదు, మోసేవాడికీ తెలియదు. తయారు చేయడమే మార్గమనిపించింది. వేణువు అంటే ఒక గొట్టం, అందులో గాలి. గాలి పొడవును బట్టి స్వరం. డిప్లొమా రెండో సంవత్సరంలో ఈ పాఠం చదివాను, పరీక్షలో ప్రశ్న కూడా వచ్చింది.

ముందు వెదురు. సంతలో బుట్టలు, చేటలు అమ్మే ఆమె దగ్గర సన్న బొంగు అడిగాను. “బాఁసురీ బనాయేగా సాబ్?” అంది, వేణువు చేస్తారా అని. నవ్వి మూడు ముక్కలు ఇచ్చింది. పచ్చిగా ఉన్నాయి. డ్రిల్లు పెట్టగానే మొదటిది నిలువునా చీలింది. రెండోది ఎండలో పెడితే చీలింది. మూడోదాని లోపలి బోలు ఒక కొస లావు, ఒక కొస సన్నం. నా లెక్కకు లొంగలేదు.

తర్వాత ఇళ్ళల్లో వైరింగుకు వాడే ప్లాస్టిక్ గొట్టం కొన్నాను. ఇది రైల్వే సరుకు కాదు, బజారులో హార్డ్‌వేర్ షాపులో కొన్నది. ఎక్కడ కొలిచినా లోపలి బోలు ఒకటే. మా సిగ్నల్ పనిలో ఒక పద్ధతి ఉంది: లోపం ఎక్కడుందో కనుక్కోవాలి, సరిచేయాలి, పరీక్షించాలి, అప్పగించి సంతకం తీసుకోవాలి. అదే పద్ధతిలో వెళ్ళాను. రంధ్రాలు మొదట సన్నగా వేసి, గుండ్రటి ఆకురాయితో కొద్దికొద్దిగా వెడల్పు చేస్తూ, ఊది, యాప్ చూసి, మళ్ళీ అరగదీశాను. శబ్దం రావడానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. రెండు గొట్టాలు పాడయ్యాయి. మూడోదాని షడ్జం నాలుగు వందల పదిహేను హెర్ట్జ్, అంటే ఐదున్నర దగ్గర కదలకుండా నిలబడింది.

ఆ అరగదీస్తున్నంత సేపూ నాకు ఒక ఊహ ఉండేది. ఈ గొట్టం పొట్టిది, రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఆయన వేళ్ళు లావు. ప్లాస్టిక్‌ను ఆయన నోటితో ముట్టుకోడు. ముట్టుకున్నా వాయించలేడు. అప్పుడు నా భార్యకు ఐదున్నరే ఉంటుంది, ఆమె ఒక్కతే పాడుతుంది, నేను సౌండు చూసుకుంటాను. ఇద్దరం.

మరుసటి ప్రాక్టీసులో ఇచ్చాను. ఆయన రెండు చేతులతో తీసుకుని తిప్పి చూశాడు.

“ఇది కరెంటు గొట్టం కదండీ బావగారూ.”

“అవును.”

“షాకు కొట్టదు కదేటి?”

“ముందు ఫ్యూజు తీసీసి ఊదరా,” అంది పెద్దావిడ.

ఊదాడు. మొదట వేళ్ళు తడబడ్డాయి. ఒక స్వరం జారింది, ఇంకొకటి కీచుమంది. నేను గోడ దగ్గర నిలబడి చాలా ప్రశాంతంగా ఉన్నాను. ఆయన ఆగి, వేళ్ళు తుడుచుకుని, వేళ్ళ కొసలతో కాకుండా మధ్య కణుపులతో మూసి చూశాడు. పావుగంటలో అది ఆయన చేతికి అలవాటైపోయింది. “ఎంత సుద్దంగా ఉందండీ, నా వెదురుది ఇంత సుద్దం కాదు,” అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. అదే ఇబ్బంది.

నా భార్య ఎత్తుకుంది. ఐదున్నరలో. నదిని పిలిచే చోట ఇన్నాళ్ళూ గాలిలో కలిసిపోయిన మాట ఈసారి గది మధ్యలో వచ్చి నిలబడింది. పై స్థాయిలో ఆమె గొంతు ఎక్కడిదాకా పోగలదో నేను వినడం అదే మొదలు. ఇడ్లీ దగ్గర ఆమె గొంతు అణచుకుని పాడేది, అంత పైకి ఎప్పుడూ పోలేదు. మాట వదిలేసింది. వేణువు అందుకుంది. ఇంతకుముందు ఆయన ఆమెను కిందికి దించి పక్కన నడిపించేవాడు. ఇప్పుడు ఇద్దరూ పైన ఉన్నారు, నేను కట్టిన నిచ్చెన ఎక్కి. పాట అయ్యాక ఆమె తలుపు పక్కనున్న నా వైపు తిరిగి, “మీరు చెప్పింది కరెక్టే,” అంది. నేను కోరుకున్న మాటే. దానితో ఏం చేసుకోవాలో తెలియలేదు.

లోపం సరిచేశాను. పరీక్షించాను. అప్పగించాను. సంతకం ఒక్కటే తీసుకోలేదు.

ఉగాది సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాలు నిండలేదు గాని కుర్చీలకు కొరత వచ్చినట్టే ఉంది, ఎందుకంటే పిల్లలు రెండేసి కుర్చీలు లాక్కున్నారు. పచ్చడి పంచారు, పంచాంగం చదివారు, నా భార్య ఆకుపచ్చ చీరలో వచ్చి మైకు ముందు నిలబడింది. ఆయన పక్కన, రెండడుగుల దూరంలో, చేతిలో తెల్లటి కరెంటు గొట్టం. ముందు వరసలో ఎవరో నవ్వారు. మొదటి స్వరంతో నవ్వు ఆగింది.

నేను సౌండు మిక్సరు దగ్గర ఉన్నాను. ఒక మీట ఆమెది, ఒక మీట ఆయనది. ఏ మీటా కదపాల్సిన అవసరం రాలేదు. ఒకరి గొంతు ఎక్కడ తగ్గాలో, ఇంకొకరి ఊపిరి ఎక్కడ పెరగాలో వాళ్ళే చూసుకున్నారు. నా వేళ్ళు మీటల మీద ఊరికే ఉన్నాయి. పెద్దావిడ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

“ఏటి బావూ, మొహం అలా ఎట్టుకున్నావు?”

“ఏం లేదండి. లెవెల్స్ చూస్తున్నా.”

“నాకు తెలీదేటి? నీ పెళ్ళాం పాడతంటే, మావోడు ఊదతంటే, నీకు కడుపు మండిపోతంది. తప్పు లేదులే. మా ఆయన హార్మనీ వాయించీవోడు. ఆడోళ్ళంతా ఆయన ముందు కూకుని పాడీవోరు. నేను ఎనకాల కూకుని ఆ పెట్టెని కాల్చీయాలనుకునీదాన్ని.”

“కాల్చారా?”

“నేర్చుకున్నాను. పెట్టె కాలిస్తే ఆయన ఏడుస్తాడు. నేర్చుకుంటే పెట్టె ఏడుస్తాది.” కొంగుతో మూతి తుడుచుకుంది. “నువ్వు చేసిన గొట్టమే కదా. నీకు నోరు లేదేటి?”

చప్పట్లు బాగా పడ్డాయి. ఒకాయన లేచి కవి సినిమాలో కంటే బాగుందన్నాడు. వేణువు ఎక్కడిదని అడిగితే పైలట్ నన్ను చూపించాడు. అందరూ తిరిగి చూశారు. నేను కేబుళ్ళు చుడుతున్నాను.

ఆ తర్వాత ప్రాక్టీసులు ఆగిపోయాయి. కార్యక్రమం అయిపోయింది కాబట్టి సాకు లేదు. ఆయనకు వరసగా డ్యూటీలు పడ్డాయి. నేను గెలిచాననుకున్నాను. నా భార్య పాడటం మానలేదు. అదీ గెలుపే. ఉదయం ఎనిమిదికి, వంటింట్లో, ఐదున్నరలో.

నాలుగైదు రోజులు గడిచాక గమనించాను. చరణం చివర మాట వదిలేశాక ఆమె ఊరుకుంటుంది. అట్లకాడ చేతిలోనే ఉంటుంది, దోసె తిప్పదు. కిటికీ వైపు చూస్తూ, వేణువు పూర్తి చేసేంత సేపు నిశ్శబ్దంగా నిలబడి, సరిగ్గా అది ముగిసే చోట రెండో చరణం ఎత్తుకుంటుంది. దోసె మాడుతుంది. ఆమె తెలిసి చేయడం లేదు. ఆ వేణువు ఆమెకు లోపల వినిపిస్తోంది. ఇంతవరకు మనుషుల మీద, వేళ్ళ మీద, ఊపిరి మీద అసూయపడ్డాను. ఒక నిశ్శబ్దం మీద కూడా పడవచ్చని అప్పుడు తెలిసింది.

పైకి వెళ్ళి తలుపు కొట్టాను. ఆయన బనీనుతో వచ్చాడు, అప్పుడే డ్యూటీ దిగినట్టున్నాడు. గొట్టం కావాలన్నాను.

“మీదే కదండీ,” అని లోపలికెళ్ళి తెచ్చి ఇచ్చాడు. ఇచ్చాక, “ఊదుతారేటి?” అన్నాడు.

“చూద్దామని.”

“కింది పెదవి రంధ్రం మీద ఎక్కువ వాల్చకండి. బుగ్గలు ఉబ్బించకండి. రండి, కూర్చోండి, చూపిస్తాను.”

కూర్చున్నాను. నా అసూయకు కారణమైన మనిషి దగ్గరే, ఆయన మంచం మీద కూర్చుని, నా గొట్టం నేను ఊదడం నేర్చుకుంటున్నాను. పెద్దావిడ టీ తెచ్చి, “ఎలక పిల్లలు పెట్టినట్టుందిరా,” అని వెళ్ళిపోయింది. ఆయన నవ్వు ఆపుకున్నాడు. అది కూడా నాకు నచ్చలేదు.

ఇప్పుడు ఉదయాలు వంటింటి గుమ్మంలో నిలబడుతున్నాను. ఆమె పాడుతుంది, మాట వదిలేస్తుంది. నేను మొదలుపెడతాను. గాలి జారుతుంది, స్వరం వణుకుతుంది, మధ్యలో ఊపిరి తెగుతుంది. “మీరు బుగ్గలు ఉబ్బిస్తున్నరు. అన్నయ్య ఉబ్బియ్యడు,” అంటుంది, దోసె తిప్పుతూ. తర్వాత మిగిలిన నిశ్శబ్దాన్ని ఎప్పటిలాగే నిలబడి పూర్తి చేస్తుంది. ఆ మిగిలిన భాగం ఇంకా ఆయనదే.

ఫోనులో కొలిచాను. చరణానికీ చరణానికీ మధ్య వేణువు ఉండాల్సిన సేపు పద్నాలుగు సెకన్లు. నిన్నటికి నాది ఆరు.